ఒక్క లైను బ్లర్‌కు పాతికేళ్లు ఎందుకు పట్టింది

వెబ్ పేజీ స్క్రోల్ అవుతుంటే పైనున్న మెనూ పట్టీ వెనక బొమ్మలు, అక్షరాలు మసకగా కదలడం ఇప్పుడు మామూలు దృశ్యం. పేజీ రూపురేఖలు చెప్పే భాష సీఎస్ఎస్‌లో ఒక లైను రాస్తే ఈ మసక, అంటే బ్లర్, వచ్చేస్తుంది. కానీ వెబ్‌లో బ్లర్ మొదటిసారి కనిపించింది 1997లో. ఈ లైను ప్రధాన బ్రౌజర్లన్నిటికీ చేరింది 2022లో. బ్రౌజర్ కంపెనీల పంతాల వల్లే ఇంత ఆలస్యమైందని చాలామంది అంటారు. అది సగం నిజం. మిగతా సగం బ్లర్ స్వభావంలోనే ఉంది.

రంగు మార్చాలంటే పిక్సెల్‌కు తన సంగతి తెలిస్తే చాలు. మసకబారాలంటే ఇరుగుపొరుగు పిక్సెళ్లనూ చదవాలి. సీఎస్ఎస్ ఫిల్టర్‌లో 10 పిక్సెళ్ల బ్లర్ అని రాస్తే, ఆ 10 గాసియన్ వక్రరేఖ (మధ్యలో ఎత్తుగా, అంచులకు తగ్గే గంట ఆకారపు గీత)కు ప్రామాణిక విచలనం, అంటే ఆ గంట ఎంత విశాలమో చెప్పే కొలత. దాని ప్రభావం ప్రతి వైపుకూ సుమారు 30 పిక్సెళ్ల దాకా పాకుతుంది. యథాతథంగా లెక్కగడితే ఒక్కో పిక్సెల్ కోసం 61×61, అంటే 3,721 పిక్సెళ్లు చదవాలి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా చేస్తే 122తో సరిపోతుంది. అయినా తెరమీద లక్షల పిక్సెళ్లుంటాయి. స్క్రోల్ నున్నగా సాగాలంటే సెకనుకు 60 సార్లు ఈ పని జరగాలి.

1997లో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 తన సొంత ఫిల్టర్లతో వచ్చింది. అందులోని బ్లర్ ఒక దిశలో సాగదీసినట్టుండేది. 2000లో 5.5 వెర్షన్ విండోస్ గ్రాఫిక్స్ సాంకేతికత డైరెక్ట్‌ఎక్స్ సాయంతో దాన్ని మెరుగుపరిచింది. మిగతా బ్రౌజర్లు ఆ దారిలో నడవలేదు. 2012లో పదో వెర్షన్‌తో మైక్రోసాఫ్టే ఆ పాత ఫిల్టర్లను తీసేసింది.

నిలబడిన పునాది వేరే చోట పడింది. 2001 సెప్టెంబరులో ప్రమాణంగా వెలువడిన ఎస్వీజీ 1.0 (వెబ్‌లో గీతలతో బొమ్మలు గీసే భాష)లో గాసియన్ బ్లర్ ఉంది. ఆ పత్రం ఒక మంచి కిటుకు కూడా చెప్పింది: చుట్టుపక్కల విలువల మామూలు సగటును వరసగా మూడుసార్లు తీస్తే, దాదాపు 3 శాతం తేడాతో గాసియన్ ఫలితమే వస్తుంది. సగటు పద్ధతిలో బ్లర్ ఎంత పెరిగినా లెక్కల భారం అంతగా పెరగదు. ఈ బ్లర్‌ను హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ల (మెనూ, పేరా లాంటి పేజీ భాగాల) మీద వాడే వీలు 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 ఇచ్చింది. 2012లో క్రోమ్, సఫారీ నేరుగా సీఎస్ఎస్ బ్లర్‌ను తెచ్చాయి.

ఈలోపు డిజైనర్లు నీడలతో నెట్టుకొచ్చారు. అక్షరాల రంగును పారదర్శకం చేసి, వాటి నీడను మాత్రం ఉంచితే అక్షరాలు మసకబారినట్టు కనిపిస్తాయి. ఇక్కడో తిరకాసు ఉంది: నీడలో రాసే బ్లర్ అంకెలో సగమే ప్రామాణిక విచలనం. అందుకే నీడలో 10, ఫిల్టర్‌లో 10 ఒకేలా కనపడవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఇక్కడే తికమకపడతారు.

అసలు గిరాకీ 2013లో, మెనూల వెనక మసకను చూపించిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7తో పుట్టింది. కిటికీల వెనక మసకను విండోస్ విస్టా 2007లోనే చూపించినా, దాన్ని ప్రతి చేతిలోకీ తెచ్చింది ఫోన్లే. వెబ్‌లో అలాంటిదే కావాలని క్లయింట్లు అడగడం మొదలుపెట్టారు. కానీ అప్పటికున్న ఫిల్టర్ ఎలిమెంట్‌నే మసకబారుస్తుంది తప్ప దాని వెనకున్నదాన్ని కాదు. మెనూకు పెడితే మెనూలోని అక్షరాలే చెదిరిపోయేవి. దాంతో పేజీ నేపథ్య చిత్రానికి ముందే మసకబార్చిన ఇంకో కాపీ చేసి, మెనూలో పెట్టి, స్క్రోల్ అయినప్పుడల్లా జావాస్క్రిప్ట్‌తో సరిగ్గా అసలు చిత్రం మీదికి జరిపేవారు. చిత్రం కొంచెం పక్కకు జరిగినా గుట్టు బయటపడేది. వెనక వీడియో ఉంటే అసలు కుదిరేదే కాదు. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే.

ఎలిమెంట్ వెనకున్నదాన్ని మసకబార్చే సీఎస్ఎస్ లైను బ్యాక్‌డ్రాప్-ఫిల్టర్ ఈ లోటు తీర్చింది. 2015లో సఫారీ, 2018లో ఎడ్జ్, 2019లో క్రోమ్, 2022 జులైలో ఫైర్‌ఫాక్స్ 103. ఎలిమెంట్ వెనక అప్పటిదాకా గీసిందంతా ఒకచోట చేర్చి చదవాలి కాబట్టి, పేజీని పొరలుగా గీసే పద్ధతినే సరిచేసుకోవాల్సి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ దీన్ని తన కొత్త చిత్రణ ఇంజన్ వెబ్‌రెండర్ మీదే కట్టింది. ‘వెనక’ అంటే ఎక్కడిదాకా అన్నదీ తేల్చాలి. తండ్రి ఎలిమెంట్‌కు సగం పారదర్శకతో, ఇలాంటి బ్లరో ఉంటే, పిల్ల ఎలిమెంట్ దాన్ని దాటి వెనక్కి చూడదని ప్రమాణం గీత గీసింది. మెనూకు బ్లర్ పెట్టాక లోపలి జాబితాకు బ్లర్ ఎందుకు రావట్లేదని జుట్టు పీక్కునేవాళ్లకు జవాబు ఈ గీతే.

పక్క పిక్సెళ్లను చదవడంలో భద్రత ప్రశ్న కూడా దాగుంది. ఫిల్టర్ పూర్తవడానికి పట్టే సమయాన్ని కొలిచి, పేజీలో పొదిగిన ఫ్రేములో ఉన్న వేరే సైటు పిక్సెళ్లను ఊహించవచ్చని 2013లో పాల్ స్టోన్ అనే పరిశోధకుడు చూపించారు. 2023లో జీపీయూ.జిప్ అనే దాడి కూడా ఎస్వీజీ ఫిల్టర్లనే వాడుకుంది.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది మరొకటి. డబ్బు కట్టేదాకా చూపించకూడని వ్యాసాన్నో, ఎవరిదో ఫోన్ నంబరునో బ్లర్‌తో ‘దాచే’ సైట్లు ఉన్నాయి. పేజీలో అక్షరాలు అలాగే ఉంటాయి. బ్రౌజర్ టూల్స్‌లో ఒక టిక్కు తీసేస్తే బయటపడతాయి. చూపులేనివారికి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కైతే ఆ మసక ఉన్నట్టే తెలియదు, మొత్తం చదివేస్తుంది. దాచాల్సిందాన్ని సర్వర్ నుంచే పంపకూడదు.

2025లో ఆపిల్ గాజులా కనిపించే డిజైన్ లిక్విడ్ గ్లాస్‌ను ప్రకటించడంతో గిరాకీ మళ్లీ మొదలైంది. ఈసారి మసక ఒక్కటే చాలదు, గాజు అంచున బొమ్మ వంగాలి. దానికోసం బ్యాక్‌డ్రాప్-ఫిల్టర్‌కు ఎస్వీజీ ఫిల్టర్‌ను తగిలిస్తున్నారు. అది క్రోమియం (క్రోమ్‌కు పునాది అయిన కోడ్) ఆధారిత బ్రౌజర్లలో పనిచేస్తుంది. మిగతాచోట్ల పాత బ్లర్‌తోనే సరిపెట్టుకుంటున్నారు.