ఏసీ గార్డ్స్ అంటే ఏసీలకు కాపలా కాదు

బుజ్జీ, చిన్నా,

మొన్న సెలవుల్లో మీరు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం, గుర్తుందా? అక్కడ బోర్డు చదివి చిన్నా "తాతా, ఏసీ గార్డ్స్ అంటే ఏసీలకు కాపలా కాసేవాళ్లా?" అన్నాడు. కారులో అందరం నవ్వాం, ఈలోగా సిగ్నల్ పడింది, మాట అక్కడే ఆగిపోయింది. జవాబు ఇప్పుడు రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం నవాబుకి ఆఫ్రికా మనుషులతో ఒక గుర్రపు దళం ఉండేది. వాళ్లుండే బస్తీకి ఆ పేరే పడిపోయింది. మన పాలమూరు వైపు వనపర్తి సంస్థానం ఉంది కదా, అక్కడి రాజా దగ్గర ఉన్న ఆఫ్రికా సైనికులు తర్వాత నిజాం కొలువుకి చేరారని, ఈ దళానికి మొదలు అదేనని చెప్తారు. వీళ్లను మన దేశంలో సిద్దీలు అంటారు, హబ్షీలు అని కూడా అంటారు. ఇథియోపియా వైపు నేలను అరబ్బులు హబష్ అనేవాళ్లు, ఆ మాటే ఇక్కడ హబ్షీ అయింది. బుజ్జీ, మీ అత్తయ్య వాళ్లుండే హబ్సిగూడ పేరులో వినపడేది కూడా అదే. సిద్ది అంబర్ బజార్‌లో ఉన్నదీ ఆ సిద్దీయే. ఊళ్లో సగం బస్సుల బోర్డుల మీద వాళ్ల పేర్లు మోస్తూ తిరుగుతాం, వాళ్ల గురించి అడిగితే మాత్రం చాలామందికి తెలియదు.

ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి అమెరికాకు ఎలా తెచ్చారో స్కూల్లో చెప్పారన్నావు బుజ్జీ. దాదాపు మూడున్నర శతాబ్దాల్లో 1.25 కోట్ల మందిని అట్లాంటిక్ సముద్రం మీద ఓడలెక్కించారు, దారిలోనే లక్షలమంది పోయారు. అది విని నువ్వు "మన దేశంలో అలాంటివి లేవు కదా తాతా" అన్నావు. ఉన్నాయమ్మా. ఇటువైపు, హిందూ మహాసముద్రంలో, అంతకంటే చాలా ముందే మొదలైంది. అరబ్బు వర్తకులు తెచ్చారు, తర్వాత పోర్చుగీసువాళ్లు గోవాకు తెచ్చారు. డబ్బులిచ్చి కొన్నది మన సుల్తానులూ, రాజులూ, నవాబులే, ఇందులో మనవాళ్లకు భాగం లేదనడానికి వీల్లేదు. అమెరికాలో ఎక్కువగా తోటల్లో చాకిరీకి పెట్టారు, ఇక్కడ ఎక్కువగా సైన్యంలోకీ, కోట కాపలాకీ, ఇంటిపనులకీ పెట్టారు. సైన్యంలో చేరినవాళ్లలో కొందరు పైకి ఎదిగారు కూడా. అందుకని ఇక్కడి బానిసత్వం మెత్తనిది అనేవాళ్లున్నారు. నాకు ఆ మాట నచ్చదు. పిల్లాణ్ణి తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి అమ్మాక, కొన్నవాడు కత్తి ఇచ్చాడా పార ఇచ్చాడా అన్నది తర్వాతి సంగతి.

అలా అమ్ముడుపోయిన ఒక పిల్లాడి కథ చెప్తా. సుమారు 1548లో ఇథియోపియాలో పుట్టాడు. పేరు చాపు. ఎర్ర సముద్రం దాటించారు, బజార్లలో చేతులు మార్చారు, బాగ్దాద్‌లో ఒక యజమాని చదువు చెప్పించి అంబర్ అని పేరు మార్చాడు. చివరికి దక్కనులో అహ్మద్‌నగర్ రాజ్యపు పేష్వా, అంటే ప్రధానమంత్రి, చెంగిజ్ ఖాన్ కొన్నాడు, విచిత్రమేంటంటే ఆ కొన్నాయన కూడా ఒకప్పుడు బానిసగా వచ్చిన హబ్షీయే. ఆ యజమాని చనిపోయాక అంబర్‌కు స్వేచ్ఛ దొరికింది, ఒక చిన్న గుర్రపు దళం కూడగట్టాడు, అది పెరిగి పెరిగి వేలమంది అయ్యారు. 1600లో మొఘలులు అహ్మద్‌నగర్ కోట పట్టుకుంటే, ఈయన లొంగలేదు సరికదా, ఆ వంశంలోంచే ఒకణ్ణి సుల్తానుగా కూర్చోబెట్టి రాజ్యం తనే నడిపాడు. అప్పటికి ఆయన మలిక్ అంబర్. మొఘలుల పెద్ద సైన్యంతో ఎదురుగా నిలబడి కొట్లాడితే పని కాదని, కొండల్లోంచి దూసుకొచ్చి సామాన్ల బండ్ల మీద పడి మాయమైపోయే పద్ధతి పెట్టాడు. ఆయన సైన్యంలో మరాఠాలు చాలామంది, శివాజీ తాత మాలోజీ అందులో ఒకరు.

మొఘల్ గద్దె మీదున్న జహంగీర్‌కు ఈయనంటే ఎంత మంటంటే, 1616 ప్రాంతంలో ఒక బొమ్మ గీయించుకున్నాడు. జహంగీర్ భూగోళం మీద నిలబడి, ఈటెకు గుచ్చిన మలిక్ అంబర్ తలను బాణంతో కొడుతున్నట్టు ఉంటుంది. బొమ్మలోనే! బయట మాత్రం చేత కాలేదు. అంబర్ 1626లో ముసలితనంతో పోయాడు, ఖుల్దాబాద్‌లో సమాధి ఉంది. 1610లో ఆయన కట్టించిన ఖడ్కీ ఊరే తర్వాత ఔరంగాబాద్ అయింది. కొండల దగ్గర భూమి లోపలి నీటిని గొట్టాల్లో ఊళ్లోకి తెచ్చే నెహర్ కట్టించాడు, ఇంత నీళ్ల కరువు చూసిన నాకు ఆ యుద్ధాలకంటే ఆ నెహరే గొప్పగా కనిపిస్తుంది.

అయితే ఇలాంటి ఒక్కడి కథ చెప్పి చప్పట్లు కొడితే మిగతావాళ్లు కనపడకుండా పోతారు. గోవాలో పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి పారిపోయినవాళ్లు కర్ణాటక అడవుల్లోకి వెళ్లారు, యల్లాపుర, హళియాళ ప్రాంతాల్లో వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. కొంకణి మాట్లాడతారు. వాళ్లలో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు మూడు రకాలూ ఉన్నారు. పాతబట్టల ముక్కలు కలిపి కుట్టే వాళ్ల కవంది బొంతలు మన నానమ్మ కుట్టిన బొంతల్లాగే ఉంటాయి, రంగులే ఇంకా ఎక్కువ. తరాల తరబడి ఆ అడవుల్లో ఉన్నా ఎస్టీ గుర్తింపు రావడానికి 2003 దాకా పట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-ఇ జాబితా తీసి చూస్తే "సిద్ది, యాబా, హబ్షీ, జాసీ" అని ఒక వరుస ఉంటుంది. కాగితం మీద అంతే చోటు.

మన ఏసీ గార్డ్స్‌వాళ్ల సంగతికి వస్తా. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది, ఆ తర్వాత నిజాం సైన్యం పోయింది. గుర్రం, యూనిఫాం, జీతం అన్నీ పోయాయి, ఇళ్లు మాత్రం అక్కడే. దొరికిన పని చేసుకుంటూ బతికారు. పోనిది మర్ఫా. యెమెన్ నుంచి వచ్చి హైదరాబాద్ బార్కస్ బస్తీలో స్థిరపడ్డ అరబ్బులూ వీళ్లూ కలిపి నిలబెట్టిన వాయిద్యం అది. ఇప్పుడు మర్ఫా లేకుండా హైదరాబాద్‌లో బారాత్ లేదు, వినాయక నిమజ్జనం లేదు, ఆఖరికి రాజకీయ నాయకుల ఊరేగింపు కూడా లేదు.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసుకు ఒకాయన బదిలీ మీద వచ్చాడు. నల్లగా, ఎత్తుగా, ఉంగరాల జుట్టు. నేనేదో తెలివైనవాణ్ణనుకుని, పెద్ద ఇంగ్లీషులో "విచ్ కంట్రీ?" అని అడిగా. ఆయన ఫైలు పక్కనపెట్టి "ఏసీ గార్డ్స్, సాబ్. మీది యే ఊరు?" అన్నాడు. నాది నల్గొండ జిల్లా, హైదరాబాద్ వచ్చి అప్పటికి ఐదు నెలలు, అఫ్జల్‌గంజ్ నుంచి రూముకు ఏ బస్సెక్కాలో కూడా సరిగ్గా తెలియదు. ఆయన తాత, ముత్తాత ఇక్కడే పుట్టారు. గదిలో అందరూ నవ్వారు, ఆయన కూడా. ఆ నవ్వు చూసి ఆయనకు అలవాటైన ప్రశ్నే అనుకున్నా. ఎన్నిసార్లు అడిగించుకుంటే అలవాటవుతుందో అప్పుడు ఆలోచించలేదు.

క్షమించమని అడగలేదు. చాలా ఏళ్లు పక్క పక్క టేబుళ్లే, ఒకే టిఫిన్ డబ్బా, అయినా ఆ మాట రాలేదు నా నోట. 2017లో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని గుంపులు పట్టుకు కొట్టిన వార్త టీవీలో చూసినప్పుడు ఆయనే గుర్తొచ్చాడు. ఫోన్ చేద్దామనుకున్నా, అప్పటికే ఆయన పోయి రెండేళ్లు.

మీ అమ్మ పెళ్లి ఆల్బమ్ మీ ఇంట్లోనే ఉంది కదా, తీసి ఎదురుకోళ్ల ఫోటోలు చూడండి. వెనకాల మర్ఫా మెడలో వేసుకుని తల వెనక్కి వంచి నవ్వుతున్న పెద్దాయన ఉంటాడు. ఆయనే. డబ్బులు ఇస్తానంటే తీసుకోలేదు, మటన్ మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మీ తాత