మంచు హాకీ ఆడినవారు వైద్యులైతే: కొన్ని అపోహలు, వాస్తవాలు

కెనడాలో క్రీడావైద్యం చేస్తున్న నన్ను మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మంచు మీద ఒకరినొకరు ఢీకొట్టుకుంటూ బతికిన మనిషికి వైద్యం ఎలా అబ్బుతుంది?

అపోహ: ఆట ముగిశాక వేరే దారి లేక వైద్యంలోకి వస్తారు.

వాస్తవం: ఎడ్మంటన్‌కు చెందిన రాండీ గ్రెగ్ విషయంలో ఈ వరుస తలకిందులు. ఆల్బర్టా విశ్వవిద్యాలయం జట్టులో ఆడుతూనే వైద్యవిద్య చదివి, 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో కెనడా జట్టుకు కెప్టెన్‌గా వ్యవహరించి, తరువాత జపాన్‌లో ఆడిన ఆయన, 1982లో ఎడ్మంటన్ ఆయిలర్స్ డిఫెన్స్‌లో చేరేనాటికే డాక్టరు. 1984 నుంచి 1990 వరకు ఆ జట్టు గెలిచిన ఐదు స్టాన్లీ కప్పుల్లోనూ (ఉత్తర అమెరికా వృత్తి హాకీ లీగ్ విజేతకిచ్చే కప్పు) ఆయన పాత్ర ఉంది. ఆట విరమించాక సొంత ఊళ్లోనే క్రీడావైద్యుడిగా స్థిరపడ్డారు.

అపోహ: పేరున్నవారికి వైద్య పట్టా సులువుగా వస్తుంది.

వాస్తవం: కెనడా మహిళల హాకీ జట్టుతో నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హేలీ వికెన్‌హైజర్ 2017లో ఆట విరమించి, కాల్గరీలో అందరిలాగే చదివి, 2021లో పట్టా అందుకున్నారు.

అపోహ: తానూ దెబ్బలు తిన్న డాక్టరు ఆటగాణ్ణి తొందరగా మంచు మీదికి పంపేస్తాడు.

వాస్తవం: నేను చూసినంతలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. తలకు దెబ్బ తగిలిన కుర్రవాడి ఏకాగ్రత, సమతూకం చూడటానికి అతణ్ణి డిసెంబరు నుంచి నెలల పేర్లు వెనక్కి చెప్పమంటాం. ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించి, చేతులు నడుం మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఇరవై సెకన్లు నిలబడమంటాం. నెలల వరుసను ముందే బట్టీపట్టి, గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవారూ ఉంటారు. ఆ వేగం, ఆ ఆట ఆడని మాబోటి డాక్టర్లకు ఊరట కలిగిస్తుంది. ఒకప్పుడు తలనొప్పి దాచుకుని ఆడిన డాక్టరుకు మాత్రం అనుమానం కలిగిస్తుంది.

అపోహ: హెల్మెట్ ఉంటే చాలు, స్కాన్ బాగుంటే ఆడవచ్చు.

వాస్తవం: హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గాని, లోపల మెదడు కుదుపుకు గురికాకుండా ఆపలేదు. ఆ కుదుపు వల్ల మెదడు పనితీరు దెబ్బతిన్నా, మామూలు స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనిపించదు. పిల్లల్ని హాకీలో చేర్పించిన ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు, “రిపోర్టు నార్మలే కదండీ, శనివారం మ్యాచ్ ఆడించవచ్చా?” అని అడుగుతారు. ఆడించకూడదు. నడక, తేలికపాటి వ్యాయామం, ఒంటరిగా స్కేటింగ్, ఢీకొట్టుకోని సాధన అంటూ మెట్టుమెట్టుగా, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు ఇచ్చి, డాక్టరు అనుమతించాకే ఢీకొట్టుకునే సాధనకు పంపాలి.