హాల్‌మార్క్ చూస్తే గని కనిపిస్తుందా? అపోహలు - వాస్తవాలు

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. కంపెనీలు వాడే తగరం, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం అనే నాలుగు లోహాలు ఎక్కడి నుంచి వచ్చాయో కాగితాలు పట్టుకుని వెనక్కి వెతకడం నా ఉద్యోగం. ఆఫ్రికాలోని కాంగో లాంటి చోట్ల వీటి డబ్బు సాయుధ ముఠాలకు పోతుందన్న భయం వల్లే ఈ వెతుకులాట. ఊరెళ్లినప్పుడల్లా ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: హాల్‌మార్క్ ఉంటే మంచి దారిలో వచ్చిన బంగారమే.

వాస్తవం: పెళ్లి నగలు కొంటూ మా పిన్ని కూడా ఇదే అంది. 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి చేసిన హాల్‌మార్క్ స్వచ్ఛత చెబుతుంది. ఏ గనిలో తవ్వారో, అక్కడ తుపాకీ పట్టుకుని ఎవరు వసూళ్లు చేశారో చెప్పదు.

అపోహ: కరిగించేశాక ఇంకేం తెలుస్తుంది?

వాస్తవం: రొయ్యల రైతుకు ఇది చెప్పక్కర్లేదు. పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ పరీక్ష ఎందుకు? ప్లాంటులో పది చెరువుల సరుకు కలిశాక ఏది ఎవరిదో తేల్చడం కష్టం కాబట్టి. ఖనిజమూ అంతే. లెక్కలేనన్ని గుంతల్లో తవ్విన రాయి కొద్దిపాటి స్మెల్టర్లకు, అంటే ఖనిజాన్ని కరిగించి లోహం తీసే కర్మాగారాలకు, చేరి కరుగుతుంది. అందుకే ఆడిట్ అక్కడ పెడతారు. లోపలికొచ్చిన బస్తా ఎవరిది, తూకమెంత, బయటికెళ్లిన లోహంతో లెక్క కుదిరిందా అని చూస్తారు. ఫోన్ కంపెనీ ముందు తన స్మెల్టర్లు ఎవరో తెలుసుకోవాలి. లోహం ఏ స్మెల్టర్‌దో చెబుతూ సరఫరాదారులు పంపే ఫారాల్లో "తెలియదు" అని ఉంటే నాకు భయం లేదు, అక్కడి నుంచి అడుగుతూ పోవచ్చు. గళ్లన్నీ ఒక్క పూటలో నిండి వస్తేనే, ఎవరినీ అడక్కుండా రాసేశారేమోనని టెన్షన్.

అపోహ: కాంగో ఖనిజం కొనడం నేరం.

వాస్తవం: కాదు. అమెరికాలో 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం, 1502వ సెక్షన్, కాంగోతో పాటు దాని చుట్టూ ఉన్న తొమ్మిది దేశాల ఖనిజం వాడారేమో విచారించి చెప్పమని కంపెనీలను అడుగుతుంది, అంతే. అయినా చాలామంది ఎందుకొచ్చిన గొడవ అని కొనడం మానేశారు. అదే ఏడాది కాంగో ప్రభుత్వం తూర్పు ప్రాంతంలో తవ్వకాలు కొన్ని నెలలు ఆపేసింది. చేత్తో తవ్వుకుని బతికేవాళ్లకు పొయ్యి వెలగలేదు. విదేశం నుంచి రొయ్యల కంటైనర్ వెనక్కొచ్చిందని కొనేవాళ్లంతా మొహం చాటేస్తే చెరువు గట్టు మీద రైతు ఏమవుతాడో మనం చూశాం. సాయుధ ముఠాలకు డబ్బు పోతుంటే వెంటనే ఆపాల్సిందే. మిగతా లోపాల్లో చాలావాటికి గడువిచ్చి సరిదిద్దించాలి. ధనిక దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ ఇచ్చిన మార్గదర్శకాల దారీ అదే.

అపోహ: విదేశీ చట్టాలు, మనకెందుకు?

వాస్తవం: ఈ నాలుగింటి మీద ఐరోపా నిబంధన 2021 జనవరి నుంచి అక్కడి దిగుమతిదారుల మీద అమల్లో ఉంది. అక్కడికి సరుకు పంపే మన తయారీదారుకూ ఆ ప్రశ్న వస్తుంది. మన చెరువుకు గాలి పట్టించే ఏరేటర్ ప్యానెల్‌లో బోర్డుకు వేసే సోల్డర్‌లోనూ తగరమే.

అభ్రకం ఈ నాలుగింటి జాబితాలో లేదు. జార్ఖండ్‌లో పిల్లలు ఏరిన అభ్రకం రంగుల్లోకి, మేకప్ సామాన్లలోకి చేరుతోంది. ఫారంలో ఆ గడి లేకపోయినా నేను ప్రతి సరఫరాదారునీ అడుగుతున్నాను.