బతికే ఉన్నానని ఎవరికి చెప్పాలి?

గుంతకల్లు,
నవంబరు 4

చిన్నోడికి, పాపకు తాత ఆశీస్సులు.

నిన్న మీ అమ్మతో "నవంబరు వచ్చింది, పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలమ్మా" అంటుంటే వెనక నుంచి నీ గొంతు వినపడింది చిన్నోడా. "తాత మాట్లాడుతున్నాడు కదా, బతికున్నట్టు మళ్లీ సర్టిఫికెట్ ఎందుకు?" అన్నావు. మీ అమ్మ నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేను.

రైల్వేలో లీవర్లు లాగి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసినవాణ్ణి, నాకు ఏదైనా రైలులాగే కనపడుతుంది. సింగిల్ లైన్ మీద ఒకేసారి ఒక్క బండే పోవాలి. అందుకని స్టేషన్లో ఒక మిషను, దాన్నిండా ఇనుప బంతులు ఉండేవి. బంతి చేతికి అందితేనే డ్రైవరు బండి తీయాలి. అవతలి స్టేషన్లో దాన్ని మిషన్లో వేసేదాకా ఇక్కడ రెండో బంతి రాదు. మా నాయనదీ ఇదే పని. ఆగని బండ్లకు బంతిని సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద రింగుకు కట్టి, ప్లాట్‌ఫారం అంచున చెయ్యెత్తి నిలబడేవాడు. ఇంజన్లోంచి ఒక చెయ్యి వచ్చి లాక్కుపోయేది. నిక్కరు వేసుకుని నేను వెనకే ఉండేవాణ్ణి. ఆ గాలికీ దుమ్ముకూ సరిగ్గా అప్పుడే కళ్లు మూతలు పడేవి. రింగు చెయ్యి మారడం ఒక్కసారీ చూడలేదు.

ఏం చెప్తున్నాను? ఆఁ, పింఛను. అదీ సింగిల్ లైనే. నవంబరు స్టేషన్లో నేను బంతి వేస్తే ఇంకో ఏడాదికి లైన్ క్లియర్. వేయకపోతే డబ్బు సిగ్నల్ దగ్గర నిలబడిపోతుంది. ఎక్కడికీ పోదులే, సర్టిఫికెట్ అందాక బకాయితో సహా కదులుతుంది.

ఇదివరకు బ్యాంకుకు పోయి నిలబడాల్సి వచ్చేది. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక ఆధార్ నంబరు, వేలిముద్ర చాలన్నారు. నా వేళ్లేమో లీవర్లు పట్టుకుని అరిగిపోయాయి. ఒకచోట ఐదుసార్లు పెట్టించి, "రేపు రా పెద్దాయనా" అని పంపేశారు. 2021 నుంచి ముఖం చూపిస్తే సరిపోతోంది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కన్ను ఆర్పాలి. ఫోటోకు కన్ను ఆర్పడం రాదు కదా, అందుకు.

ఎదురింటి అవ్వది ఫ్యామిలీ పింఛను, అంటే భర్త పోయాక భార్యకు వచ్చేది. ఎనభై దాటినవాళ్లకు అక్టోబరు నుంచే తీసుకుంటారు కాబట్టి ఆమెది నేనే చేసిపెట్టాను. మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని కూడా అందులో అడుగుతారు. "మంచి సంబంధం వస్తే చెప్తానని రాయి నాయనా" అంది.

మధ్యలో ఓటీపీ వస్తుంది. పింఛను ఆఫీసు నుంచి అని ఎవరో ఫోన్ చేసి ఆ నంబరు అడిగితే చెప్పొద్దు. ప్లాట్‌ఫారం మీద పోయేవాడు అడిగాడని బంతి ఇచ్చేస్తామా?

గుంతకల్లులో నేను కన్ను ఆర్పితే ఎక్కడో ఖాతాలో ఏడాది పింఛను కదలడం నాకు ఇప్పటికీ వింతే. ఆదివారం వస్తారుగా, అందాకా ఆగుతాను. ఫోన్ మీరే పట్టుకోండి. నేను కన్ను ఆర్పగానే తెర మీద ఏమవుతుందో చూసి నాకు చెప్పండి. అప్పుడు కూడా నా కళ్లు మూసుకునే ఉంటాయి మరి.

మీ
తాత