ఎనభైల పాప్ గాయనులు: అపోహలు, వాస్తవాలు

గొంతులు రికార్డ్ చేసి మిక్స్ చేయడం నా పని. ఎనభైల బ్రిటిష్, అమెరికన్ పాప్, న్యూ వేవ్ (పంక్ రాక్ తర్వాత వచ్చిన పాప్ బాణీ) సౌండ్ కావాలని వచ్చే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, వాళ్లతో పాటు ఈ మాటలు కూడా స్టూడియోలోకి వస్తున్నాయి.

అపోహ: అదంతా సింథసైజర్ల మాయ, గొంతు ఎలా ఉన్నా మెషీన్ సరిచేసేది.

శృతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటో-ట్యూన్ వచ్చిందే 1997లో. అంతకు ముందు శృతి తప్పితే మళ్లీ పాడాలి, లేదా తప్పిన ముక్క వరకు టేపు మీద పంచ్ చేయాలి, అంటే ఆ ముక్క ఒక్కటే మళ్లీ పాడి పాతదాని మీద రికార్డ్ చేయాలి. టేపు వేగం కాస్త తగ్గించి పై స్వరం పాడించే చిట్కా ఉండేది గానీ, అతిగా వాడితే మామూలు వేగంలో చిన్నపిల్ల గొంతులా వినిపిస్తుంది. ఆ పాటల్లో గొంతుకున్న మందం చాలాసార్లు డబ్లింగ్ వల్ల వచ్చింది. అంటే అదే లైను రెండోసారి, ఊపిరి తీసుకునే చోటుతో సహా మొదటి టేకుకి అతికేలా పాడటం. ఒకసారి ప్రయత్నించండి, తెలుస్తుంది.

అపోహ: హిట్ ఎవరి పేరు మీద ఉంటే పాట వాళ్లదే.

బ్రిటిష్ గాయని కర్స్టీ మెకాల్ సంగతి చూడండి. 1979లో 'దే డోంట్ నో' తనే రాసి పాడింది. రేడియోలో బాగానే మోగింది, కానీ పంపిణీ సంస్థలో సమ్మె వల్ల రికార్డులు షాపులకు చేరలేదు, చార్టులోకి రాలేదు. 1983లో అదే పాట ట్రేసీ ఉల్‌మన్ పాడితే బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. అందులో ఒక్కసారిగా పైకి లేచే 'బేబీ' ఉంటుంది, ఆ స్వరం ఉల్‌మన్‌కి అందలేదు, మనం వినేది కర్స్టీ గొంతునే. ట్రాక్ పాడే (తర్వాత వేరే గాయని పాడేందుకు ముందుగా పాడి పెట్టే) మన అమ్మాయిలకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. ఐరిష్ రాక్ బ్యాండ్ యూటూ వాళ్ల ఆల్బమ్ 'ది జాషువా ట్రీ' (1987)లో మొదటి పాట, చివరి పాట బ్యాండ్ తేల్చుకుంటే, మిగతా పాటల వరుస పేర్చింది కూడా కర్స్టీయే.

అపోహ: 'మిక్కీ' పాడింది ఎవరో టీనేజ్ పిల్ల.

1982 డిసెంబర్‌లో ఆ పాట అమెరికాలో నంబర్ వన్ అయ్యేసరికి టోనీ బాసిల్‌కి 39 ఏళ్లు. అప్పటికే పేరున్న కొరియోగ్రాఫర్. అసలు పాట 'కిట్టీ', రేసీ అనే మగవాళ్ల బ్యాండ్‌ది.

అపోహ: షీలా చంద్ర అంటే సితార్ తగిలించిన ఒక్క పాట.

లండన్‌లో పుట్టిన ఈ కేరళ మూలాల అమ్మాయి 17 ఏళ్లకే మాన్‌సూన్ బ్యాండ్‌తో 'ఎవర్ సో లోన్లీ' (1982) పాడింది, బ్రిటన్‌లో 12వ స్థానం. అక్కడితో ఆగిపోయేవాళ్లు అసలైనది వదిలేస్తున్నారు. తొంభైలలో ఆమె వాద్యాలన్నీ పక్కన పెట్టి, కొన్నకోల్ (మృదంగం దెబ్బల్ని నోటితో పలికే పద్ధతి) జతులతో వట్టి గొంతు మీదే ముక్కలు కట్టింది. కచేరీల్లో మృదంగం వాళ్ల నోట విన్న చెవులకు అది కొత్త కాదు, కానీ ఒక పాప్ గాయని అంత తేటగా పలకడం మాత్రం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ (నోరు మండే జబ్బు) వచ్చి పాడటం ఆపేయాల్సి వచ్చింది.

అపోహ: అమ్మాయిల బ్యాండ్ అంటే ముందు నిలబడటమే, వెనక వాయించేది మగవాళ్లు.

అమెరికాలో అందరూ అమ్మాయిలే ఉన్న బ్యాండ్ గో-గోస్ తమ పాటలు తామే రాసుకుని, తామే వాయించి, 1982లో అమెరికా ఆల్బమ్ చార్టులో నంబర్ వన్ కొట్టారు. ఆ డ్రమ్స్ మెషీన్‌వి కావు, బ్యాండ్‌లోని జీనా షాక్ వాయించినవి. డ్రమ్ మెషీన్ సౌండ్‌కి రిఫరెన్స్ అంటూ ఆ ఆల్బమ్ పట్టుకొస్తే మాత్రం ఆ రోజు సెషన్ కాస్త ఆలస్యంగా మొదలవుతుంది.