కుక్క, గొలుసు, చట్టం: మునిసిపల్ పశువైద్యుడిగా నేను రోజూ వినే అపోహలు

నేను ఒక నగరపాలక సంస్థ పశువైద్య విభాగంలో పనిచేస్తాను. పొద్దున పూట వీధికుక్కలకు స్టెరిలైజేషన్ ఆపరేషన్లు, మధ్యాహ్నం నుంచి ఫిర్యాదులు. ఫిర్యాదు కుక్క మీద వస్తుంది. అక్కడికి వెళ్లి చూస్తే గొడవ ఇద్దరు మనుషులది. ఇద్దరూ ‘చట్టం మా వైపే ఉంది’ అంటారు. ఇద్దరికీ తెలిసింది సగం సగమే. తెలియని ఆ సగం చెప్పాలని ఇది రాస్తున్నాను. ఎక్కువగా కుక్కల గురించే ఉంటుంది, మా దగ్గరికి వచ్చే కేసులు దాదాపు అవే కాబట్టి.

అపోహ: వీధికుక్కలను పట్టుకెళ్లి ఊరి బయట వదిలేయడం మునిసిపాలిటీ పని.

నేను ఎక్కువ మాటలు పడేది దీని గురించే. ఆపరేషన్ అయిన కుక్కలను తిరిగి దింపడానికి మా బండి వీధిలోకి వెళ్తే జనం చుట్టుముడతారు. ‘పట్టుకెళ్లినవాళ్లే మళ్లీ తెచ్చి దింపుతారేంటి డాక్టరు గారూ, మా పిల్లలు బడికి ఎలా వెళ్లాలి?’ అని ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అడిగారు. ఆయన భయం అబద్ధం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయిన సంగతి మన రాష్ట్రాల్లో ఎవరూ మర్చిపోలేదు.

వాస్తవం ఏమిటంటే, జంతు జనన నియంత్రణ నియమాలు 2001లో వచ్చాయి, వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం వీధికుక్కను పట్టుకోవాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, పట్టుకున్న చోటే వదలాలి. ఇంకో పేటలో వదిలితే నియమం తప్పినట్టే. దీనికి కారణం ఉంది. ఒక సందులో కుక్కలన్నిటినీ ఖాళీ చేసినా అక్కడి చెత్తకుప్ప, చికెన్ వ్యర్థాలు అలాగే ఉంటాయి. కొన్నాళ్లకే పక్క పేట కుక్కలు వచ్చి చేరతాయి. వాటికి ఆపరేషనూ ఉండదు, టీకా ఉండదు, చోటు కోసం ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ఆడకుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. ఏడాదికి రెండు ఈతలు కూడా ఈనగలదు. పిల్లల దగ్గరికి ఎవరైనా వస్తే మీద పడేది ఆ తల్లే. మా దగ్గరికి వచ్చే కాట్ల కథల్లో పిల్లల తల్లి చాలాసార్లు కనిపిస్తుంది.

మీ వీధిలో ఏ కుక్కకు ఆపరేషన్ అయిందో తెలుసుకోవడం తేలిక. దాని చెవి చూడండి. కొన దగ్గర చిన్న ముక్క కత్తిరించి ఉంటుంది. మత్తులో ఉన్నప్పుడే చేస్తాం, అది గాయం కాదు, గుర్తు. అది లేని కుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఏ సందులోనో రాసి వార్డు ఆఫీసులో ఇస్తే, ‘కుక్కల బెడద ఎక్కువగా ఉంది’ అన్న పది ఫిర్యాదుల కన్నా మాకు ఎక్కువ ఉపయోగం. అయితే ఇది వారంలో ఫలితం ఇచ్చే పని కాదు. ఒక ప్రాంతంలో ఎక్కువ భాగం కుక్కలకు అయితేనే తేడా తెలుస్తుంది, ఏళ్ల తరబడి ఆపకుండా చేయాలి. మధ్యలో ఆపేసిన చోట్లే మళ్లీ మొదటికి వచ్చాయి. ఈ విషయంలో మా వ్యవస్థల తప్పు ఉందని ఒప్పుకుంటాను.

2025లో ఈ నియమానికి కొన్ని మినహాయింపులు వచ్చాయి. ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, ఆపరేషన్, టీకా తర్వాత పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, మీద పడి కరిచే స్వభావం ఉన్నవి మాత్రం వదలకూడదు. కేసు పరిధిని దేశమంతటికీ విస్తరించింది కూడా. నవంబర్ 7న ఇంకో ఆదేశం వచ్చింది: బడులు, కాలేజీలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టుకున్న కుక్కలను తిరిగి అక్కడే వదలకూడదు, షెల్టర్‌కు పంపాలి. కాబట్టి ‘బడి ఆవరణలో కుక్కలున్నాయి’ అన్న ఫిర్యాదుకూ, ‘మా సందులో ఉన్నాయి’ అన్న ఫిర్యాదుకూ సమాధానం ఒకటి కాదు. ఏడాదిలోనే ఇన్ని మార్పులు వచ్చాయి కాబట్టి, పాత వార్త ఫార్వర్డ్ చేసి గొడవ పడే ముందు తాజా ఆదేశం ఏమిటో చూసుకోండి.

విషం పెట్టడం, కొట్టి చంపడం మాత్రం ఎవరు చేసినా నేరమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

అపోహ: కుక్కలకు అన్నం పెట్టేవాళ్లను ఆపే హక్కు కాలనీవాళ్లకు ఉంది. (లేదా: ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టే హక్కు మాకు ఉంది.)

రెండూ తప్పే. అన్నం పెట్టడాన్ని చట్టం నిషేధించలేదు, దానికి చోటు కేటాయించమంది. 2023 నియమాల ప్రకారం కాలనీ సంఘం ఆ చోటు చూపించాలి. పిల్లలు ఆడుకునే చోట, మెట్ల దగ్గర, జనం వచ్చిపోయే గేటు దగ్గర ఆ చోటు ఉండకూడదు. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని, కేటాయించిన చోటే పెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టు 22 ఆదేశంలో గట్టిగా చెప్పింది. అన్నం పెట్టే అక్కలకు నేను చెప్పేది ఒక్కటే. మీ చేతి దగ్గరికి వచ్చే కుక్క మా వలకు దొరకదు. పట్టే రోజు మీరు వచ్చి పక్కన నిలబడితే మాకు సగం పని తగ్గుతుంది.

అపోహ: గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు ఉంటే ఇక మా బాధ్యత లేదు.

పాలవాళ్లు, పేపర్ కుర్రాళ్లు, మీటర్ రీడింగ్‌కు వచ్చేవాళ్లు, పార్సెల్ తెచ్చేవాళ్లు గేటు దాటకుండా పని చేయలేరు. న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ప్రమాదం ఉండే పరిస్థితిలో తగిన జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బోర్డు ఒక హెచ్చరిక, అంతే. గేటు గడియ సరిగా పడిందా, కుక్కను లోపల కట్టారా అన్నదే పోలీసులు అడిగేది. ‘ఇదే మొదటిసారి సార్, ఇంతకు ముందు ఎవరినీ కరవలేదు’ అన్న మాటకు కూడా ఆ సెక్షన్‌లో మినహాయింపు లేదు.

అపోహ: ఇంట్లో పెరిగే కుక్కకు లైసెన్సు ఎందుకు, టీకా కార్డు ఎందుకు?

ఒక అపార్ట్‌మెంట్‌లో పెంపుడు కుక్క పనమ్మాయి చేతిని కరిచింది. యజమాని మంచి మనిషి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ‘టీకాలన్నీ వేయించాం, కార్డు ఎక్కడో ఉంది’ అన్నారు. కార్డు దొరకడానికి రెండు రోజులు పట్టింది. తెరిచి చూస్తే చివరి స్టిక్కర్ రెండేళ్ల కిందటిది. ఆ రెండు రోజులు ఆ అమ్మాయి పడ్డ టెన్షన్ నేను చూశాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ‘నాకు చిన్న పిల్లలున్నారు సార్’ అని మళ్లీ మళ్లీ అదే మాట.

కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పినప్పుడు బూస్టర్, తర్వాత ఏటా ఒకటి. కార్డు మీద టీకా సీసా స్టిక్కర్, బ్యాచ్ నంబర్, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. సంతకం లేని కార్డుకు విలువ లేదు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. చాలా నగరపాలక సంస్థలు పెంపుడు కుక్కకు లైసెన్సు అడుగుతాయి, దానికి ఈ టీకా కాగితమే ఆధారం. కుక్క తప్పిపోయి మా బండిలోకి వచ్చిందనుకోండి, ఆ లైసెన్సు నంబరే దాన్ని మీ ఇంటికి చేరుస్తుంది.

అపోహ: పెంపుడు కుక్క కరిస్తే ఫర్వాలేదు, వీధికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు.

ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు ఇంజెక్షన్ చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో (0 అంటే మొదటి డోసు వేసిన రోజు). కండకు వేసేదైతే 0, 3, 7, 14, 28. ఈ పద్నాలుగు ఇంజెక్షన్ల భయంతో ఇప్పటికీ పిల్లలు కాటు సంగతి ఇంట్లో దాచిపెడుతున్నారు. ఈ వ్యాసంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

పెంపుడుదైనా వీధిదైనా, కరిచిన వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే నిమిషం కూడా గడవకముందే చాలనిపిస్తుంది. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా వేయాలి. అది వేస్తారా అని మీరే అడగండి.

కరిచిన కుక్కను కొట్టి చంపొద్దు, తరిమేయొద్దు. దాన్ని పది రోజులు చూడాలి. పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన రోజు దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే. కానీ ఆ పది రోజులు చూసి టీకా మొదలుపెడదాం అనుకోకూడదు. టీకా ఆ రోజే మొదలవ్వాలి. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెబుతారు.

అపోహ: ఎప్పుడూ కట్టేసి ఉంచితే సేఫ్.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడాన్నీ, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడాన్నీ హింస కిందే లెక్కిస్తుంది. ఒకసారి మెడ మీద పుండుతో ఒక కుక్కను తెచ్చారు. బొచ్చు తప్పించి చూస్తే పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంది. చిన్నప్పుడు కట్టిన పట్టీని కుక్క పెరిగాక మార్చలేదు. ఆ కుక్క ఇంటివాళ్లనే కరుస్తోందని వాళ్ల ఫిర్యాదు. పట్టీకి మెడకు మధ్య రెండు వేళ్లు పట్టాలి. రోజుకు రెండుసార్లు బయట తిప్పాలి. మనుషులను చూసి బెదిరే కుక్కయితే బయటికి తీసుకెళ్లేటప్పుడు మూతికి చిక్కం వేయండి, అందులో అవమానం ఏమీ లేదు.

అపోహ: అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తీర్మానం చేస్తే కుక్కలను పెంచకూడదు, లిఫ్ట్ ఎక్కించకూడదు.

భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ తీర్మానం ఉన్నా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదు. లిఫ్ట్ కూడా ఆపలేరు. అయితే కారిడార్‌లో గొలుసు లేకుండా వదలడం, కింద పార్కులో మలం తీయకుండా వచ్చేయడం చేస్తే ఆ మార్గదర్శకాలు చూపించి వాదించే ముఖం మీకు ఉండదు. జేబులో ఒక కవరు పెట్టుకెళ్లండి.

అపోహ: పిట్‌బుల్, రాట్‌వీలర్ జాతులు దేశంలో నిషేధం.

2024 మార్చి 12న 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని కేంద్రం రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. నా మట్టుకు నాకు జాతి కన్నా ముందు వచ్చే ప్రశ్న, పిల్లను ఎన్ని రోజులకు తల్లి నుంచి వేరు చేశారన్నది. కుక్కల పెంపకం, అమ్మకంపై 2017లో వచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, బ్రీడర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. నెల కూడా నిండని పిల్లలను చెప్పుల డబ్బాలో పెట్టి మా దగ్గరికి తెస్తున్నారు, పార్వో అనే వైరస్ జబ్బు విరేచనాలతో. కొనే ముందు తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే కొనొద్దు.

అపోహ: రామచిలుకను పంజరంలో పెంచుకోవచ్చు.

పెంచకూడదు. మన రామచిలుక, నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జీవులు. ఇంట్లో ఉంచుకోవడమే నేరం. ఇప్పటికే ఉంటే అటవీశాఖకు అప్పగించండి. బయటికి ఎగరేయొద్దు, పంజరంలో పెరిగిన చిలుకకు తిండి వెతుక్కోవడం రాదు.

అపోహ: పెంచలేకపోతే ఎక్కడో ఒక చోట వదిలేస్తే అదే బతుకుతుంది.

ఆకలికో దాహానికో గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాచుకోను.

ఒక తెల్లవారుజామున మా సెంటర్ గేటుకు ఒక ముసలి లాబ్రడార్‌ను కట్టేసి వెళ్లారు. పక్కనే దాని స్టీలు గిన్నె, సగం వాడిన మందు సీసా. కారు చప్పుడు వినపడినప్పుడల్లా అది లేచి నిలబడేది, తుంటి నొప్పితో మళ్లీ కూర్చునేది. తిండి ముట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

బదిలీ అయిందనో, ఇంట్లో పాప పుట్టిందనో, ఇల్లు మారుతున్నామనో నాకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా ముందు రోజు రాత్రి చేస్తారు. ఒక నెల ముందు చేయండి. టీకా కార్డు, ఆపరేషన్ అయిన కాగితం, అది ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ లాబ్రడార్ పేరు మాకు ఎవరూ చెప్పలేదు.