పికడిల్లీలో దుంగలు ఎవరు పెట్టారు?

బర్మా యుద్ధం గురించి చదివేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది, 1944 మార్చి 5న బ్రిటిష్ వాళ్ళ ప్లాన్ జపాన్ వాళ్ళకి ముందే లీకయిందా లేదా అని. దీని వెనక కథ ఏంటంటే, జనరల్ వింగేట్ తన చిండిట్ దళాల్ని (శత్రువు వెనక్కి చొరబడి పోరాడే సైనికులు) గ్లైడర్లలో, అంటే ఇంజిన్ లేని విమానాల్లో, ఉత్తర బర్మా అడవుల్లో జపాన్ సైన్యం వెనక్కి దింపాలనుకున్నాడు. చెట్లు లేని రెండు మైదానాలు చూసుకుని ఒకదానికి పికడిల్లీ, ఇంకోదానికి బ్రాడ్‌వే అని పేర్లు పెట్టుకున్నారు. (తర్వాత దిగినదానికి చౌరంగీ అని పెట్టారు, అది కలకత్తా వీధి పేరు.)

శత్రువుకి అనుమానం రాకూడదని ఆ చోట్ల మీద విమానాలు తిరగొద్దని వింగేట్ ఆర్డర్ వేశాడు. అమెరికన్ కల్నల్ కోక్రన్ మాత్రం మాట వినకుండా చివరి రోజు కెమెరాతో విమానం పంపేశాడు. అస్సాంలోని లాలాఘాట్‌లో అందరూ ఎక్కడానికి రెడీగా ఉన్నారు, ఇంకో అరగంటలో బయల్దేరాలి, అప్పుడొచ్చాయి ఫొటోలు. చూస్తే పికడిల్లీ నిండా అడ్డంగా దుంగలు! అక్కడే 1943లో ఒక డకోటా, అంటే రవాణా విమానం, దిగి గాయపడ్డవాళ్ళని తీసుకెళ్ళింది, ఆ ఫొటోలు అమెరికా పత్రికలో కూడా వచ్చాయి, కాబట్టి జపాన్ వాళ్ళు పసిగట్టారనే అందరికీ అనిపించింది. తర్వాత తేలిందేంటంటే, అక్కడి కలప కూలీలు టేకు దుంగల్ని ఎండలో ఆరబెట్టుకున్నారంతే. నన్నడిగితే కుట్ర కంటే ఇదే నమ్మబుద్ధేస్తుంది, అడవిలో అంత ఖాళీ జాగా దొరికితే కలప వాళ్ళు వదులుతారా?

సరే అని అందర్నీ బ్రాడ్‌వేకి మళ్ళించారు, ఒక్కో డకోటా వెనక తాళ్ళతో కట్టిన రెండేసి గ్లైడర్లు. దారిలో తాళ్ళు తెగి కొన్ని ఎక్కడెక్కడో పడ్డాయి, 60కి పైగా బయల్దేరితే చేరినవి 35 దాకా. అక్కడా కలపే దెబ్బకొట్టింది. వానాకాలంలో దుంగలు ఈడ్చిన గాళ్ళు గడ్డి కింద దాక్కుని ఫొటోల్లో కనపడలేదు, ముందు దిగిన గ్లైడర్ల చక్రాలు వాటిలో పడి విరిగి కదల్లేకపోతే చీకట్లో వెనకొచ్చినవి వాటినే గుద్దుకున్నాయి. ముప్పై మంది దాకా పోయారు.

ఆ రాత్రి బ్రాడ్‌వేలో దిగిన దళం కమాండర్ కాల్వర్ట్ వైర్‌లెస్‌లో పంపిన మాట "సోయా లింక్". సైనికులకి అసహ్యమైన సోయా సాసేజ్ అది, అర్థం ఫెయిల్ అని. తెల్లారాక "పోర్క్ సాసేజ్" అని ఇంకో మెసేజ్, అంటే ఓకే, రండి. మిగిలిన బుల్డోజర్‌తో, చేతి పనిముట్లతో గాళ్ళు పూడ్చి సాయంత్రానికల్లా రన్‌వే చేసేశారు, ఆ రాత్రే 60కి పైగా డకోటాలు దిగాయి. వారం తిరిగేసరికి బ్రాడ్‌వే, చౌరంగీ రెండు చోట్లా కలిపి దాదాపు 9,000 మంది, 1,300కి పైగా జంతువులు, ఎక్కువ కంచరగాడిదలే.

బ్రాడ్‌వే మీదకి జపాన్ విమానాలు వచ్చింది మార్చి 13న. ముందే తెలిసినవాళ్ళు అన్నాళ్ళు ఆగుతారా అంటే లీక్ వాదన వాళ్ళ దగ్గర జవాబు లేదు.